ఊపిరి బిగబట్టమంటే పులి వింటుందా?

మా మీర్‌పేట్‌లో ఇప్పుడు ఏ గల్లీలోకి తిరిగినా ఒక డయాగ్నస్టిక్ సెంటర్ బోర్డు కనిపిస్తుంది. లోపలికి పోతే ఛాతీని పలకకు ఆనించి నిలబెడతారు. "గాలి గట్టిగా పీల్చండి, బిగబట్టండి" అంటారు. టిక్కుమంటుంది, అంతే. బయటికొచ్చి చెప్పులు తొడుక్కునేలోపు ఫొటో ఫోన్‌లో పడుతుంది. మనుషులకు ఇంత సుళువైనందుకు సంతోషమే. నా కోపమంతా ఆ మాట చెప్పినా వినని జీవాల గురించి. బోనుల్లో, ఎన్‌క్లోజర్లలో బతికే పులి, చిరుత, కొండముచ్చు, నెమలి, తాబేలు. వాటి ఛాతీ ఎక్స్‌రే తీయడమనే పని మా రోజుల్లో ఎలా ఉండేది, ఇప్పుడు ఏమైపోయింది?

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ పశువుల ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఇబ్రహీంపట్నం వైపు నుంచి కాలు విరిగిన దూడలు, పొట్టలో మేకు దిగిన బర్రెలు, పట్నం నుంచి కుక్కలు, ఇవి రోజూ వచ్చేవి. అప్పుడప్పుడు అడవి శాఖ జీపులో ఇంకేవో వచ్చేవి. గంగిరెద్దులవాళ్ళలా ఊరూరా తిప్పేవాళ్ళ దగ్గర పట్టుకున్న ఎలుగుబంటి, కరెంటు తీగ తగిలిన కోతి, బావిలో పడి తేలిన చిరుతపిల్ల. కొన్నిసార్లు మెషిన్‌నే వ్యాన్‌లో ఎక్కించుకుని మేమే బోను దగ్గరికి పోయేవాళ్ళం.

ఆ మెషిన్ అరవై మిల్లీఆంపియర్లది. ఇప్పటి పిల్లలకు ఆ అంకె చెబితే నవ్వొస్తుంది. బలం తక్కువ కాబట్టి కిరణం ఎక్కువసేపు వదలాలి. ఇప్పుడు సెకనులో నూరో వంతులో అయిపోయేదానికి అప్పుడు అర సెకను పట్టేది. అర సెకనులో జంతువు ఊపిరి తీస్తే పక్కటెముకలు కదిలిపోయి ఫిల్ము మీద అంతా అలుక్కుపోయినట్టు వస్తుంది. అందుకని మేం కళ్ళు జంతువు డొక్క మీద పెట్టేవాళ్ళం. మత్తులో పడుకున్న చిరుత డొక్క మెల్లగా పైకి లేస్తుంది, లేచి లేచి ఒక్క క్షణం నిలుస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఆ నిలిచిన క్షణం కోసం నాలుగైదు ఊపిరులు ఊరికే చూస్తూ లెక్కపెట్టుకుని, తర్వాతి దానికి బటన్ నొక్కాలి. ఊపిరి నిండుగా ఉన్నప్పుడు తీస్తే ఊపిరితిత్తులు నల్లగా, గుండె దాని అంచుతో సహా తెల్లగా విడిగా కనిపిస్తాయి. ఊపిరి వదిలినప్పుడు తీస్తే అదే ఊపిరితిత్తి మసకబారి జబ్బు పడ్డట్టు కనిపిస్తుంది. గుండె కూడా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఒకే జంతువు, ఒకే నిమిషం, రెండు ఫిల్ములు. ఒకటి చూస్తే ఆరోగ్యం, ఇంకొకటి చూస్తే న్యుమోనియా.

ఆ తర్వాత డార్క్ రూమ్. ఎర్ర బల్బు కింద డెవలపర్ తొట్టి, నీళ్ళ తొట్టి, హైపో తొట్టి. డెవలపర్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఏప్రిల్, మే నెలల్లో గదే నలభై దగ్గర ఉంటే తొట్టి ఎక్కడ చల్లగా ఉంటుంది? ఐసు గడ్డ తెప్పించి, గోనెసంచిలో కొట్టి, తొట్టి చుట్టూ పోసేవాళ్ళం. మా చేతికొచ్చిన ఫిల్ముల్లో చాలావరకు ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు'. ఒక్కో ఫిల్ముకు లెక్క చెప్పాలి కాబట్టి ఒక్కటి పాడైనా గుండె కలుక్కుమనేది. తడి ఫిల్మును క్లిప్పుకు తగిలించి డాక్టరుగారు వెలుగుకు ఎత్తి పట్టుకుంటే నీళ్ళు ఆయన మోచేతి నుంచి కారుతూ ఉండేవి. అలాగే నిలబడి చదివేవారు. "గాలిగొట్టం చూడు, వెన్నుకు ఎంత కోణంలో పోతుందో చూడు. గుండె ఎన్ని పక్కటెముకల మేర ఉందో లెక్కపెట్టు." మాలాంటి టెక్నీషియన్లకు కూడా చెప్పి చదివించేవారు.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి, అడవి జంతువు ఛాతీ ఒక్కోదానిది ఒక్కో తీరు అని. మనిషికి పన్నెండు జతల పక్కటెముకలు. పులికి, సింహానికి, చిరుతకు పదమూడు. మన ఎడమ ఊపిరితిత్తికి రెండు భాగాలు, కుడిదానికి మూడు. రీసస్ కోతికి కుడివైపు నాలుగోది కూడా ఉంటుంది, అది గుండె కింద దాక్కుంటుంది. మనుషుల ఎక్స్‌రేలే చదివిన కళ్ళు కోతి ఫిల్ము మీద ఆ చోటును చూసి ఇదేదో తేడాగా ఉందని అనుకునే ప్రమాదం ఉంది. పక్షికి ఛాతీనీ పొట్టనూ వేరుచేసే ఉదరవితానమే లేదు. ఊపిరితిత్తులు పక్కటెముకలకు అంటుకుని కదలకుండా ఉంటాయి. గాలిసంచులు వంటినిండా ఉంటాయి. నెమలిని వెల్లకిలా పడుకోబెట్టి తీస్తే గుండె, కాలేయం కలిసి నడుము సన్నగా ఉన్న ఒక ఆకారంగా కనిపిస్తాయి. ఆ నడుము పోయి పక్కలు ఉబ్బితే కాలేయం పెరిగిందనో మరొకటనో అనుమానించాలి. అంతేకాదు, పక్షిని పట్టుకునేవాడు రొమ్ము మీద గట్టిగా అదిమితే అది అక్కడే చచ్చిపోతుంది. రొమ్ము ఎముక కదిలితేనే దానికి ఊపిరి. తాబేలుకైతే ఊపిరితిత్తులు డిప్ప కిందే, పైవైపున ఉంటాయి. పైనుంచి తీస్తే డిప్ప, పేగులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఏమీ తేలదు. కిరణాన్ని నేలకు సమాంతరంగా పెట్టి, ముందు నుంచి వెనక్కి తీస్తేనే రెండు ఊపిరితిత్తులు పక్కపక్కన కనిపిస్తాయి. నాగుపాముకు పనిచేసేది కుడి ఊపిరితిత్తి ఒక్కటే అన్నట్టు ఉంటుంది, ఎడమది నామమాత్రం. కొండచిలువకు రెండూ ఉంటాయి, దాన్ని ముక్కలు ముక్కలుగా నాలుగైదు ఫిల్ముల మీద తీసి వరసగా పేర్చాలి. ఏనుగు సంగతి ఇంకా వేరు. దాని ఊపిరితిత్తులకూ పక్కటెముకలకూ మధ్య మనకుండే ఖాళీయే లేదు, రెండూ కణజాలంతో అతుక్కుని ఉంటాయి. పెద్ద ఏనుగు ఛాతీలోంచి దూరిపోయే కిరణం ఆసుపత్రి మెషిన్‌లలో లేదు. అందుకే ఏనుగుకు క్షయ ఉందేమో తెలుసుకోవాలంటే తొండంలో ఉప్పునీళ్ళు పోసి, ఎత్తించి, మళ్ళీ సంచిలోకి వదిలించి, ఆ నీళ్ళు పరీక్షకు పంపుతారు.

మా ఊళ్ళో పాడి రైతును అడగండి. బర్రె ఏ పూట ఎంత నెమరేస్తుందో, ఎటు పక్క పడుకుంటుందో తెలిసినవాడే ఒంట్లో బాగాలేని రోజు పట్టుకుంటాడు. ఎక్స్‌రే అయినా అంతే. బాగున్నప్పుడు తీసిన ఫిల్ము పక్కన పెట్టుకుంటేనే బాగాలేనప్పుడు తీసినదాన్ని చదవగలం. మా డాక్టరుగారు ఈ మాట పట్టుకుని కూర్చునేవారు. చిరుతను వేరే పని మీద, ఒక పన్ను పీకడానికో, పుండు కడగడానికో మత్తులో పెట్టినప్పుడు, "ఒక పక్క ఫొటో, ఒక వెల్లకిలా ఫొటో తీసి పెట్టుకో" అనేవారు. జబ్బేమీ లేదు కదా సార్ అని ఎవరైనా అంటే, "అందుకే తీయమంటున్నా" అనేవారు. ఆ ఫిల్ముల కవరు మీద జంతువు పేరు, వయసు, బరువు, ఏ మత్తు మందు ఎంత, మత్తిచ్చిన ఎంతసేపటికి తీశాం, ఏ పక్కన పడుకోబెట్టాం, ఊపిరి లోపలికా బయటికా, అన్నీ సిరాపెన్నుతో రాసి అలమారాలో పెట్టేవాళ్ళం. ఎన్నో ఏళ్ళ ఫిల్ములు అలా పేరుకున్నాయి.

ఇప్పటి మెషిన్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు. డిజిటల్ ప్లేటు జంతువు కింద పెడితే కొన్ని సెకన్లలో బొమ్మ తెర మీదకొస్తుంది. సరిగా రాకపోతే అక్కడికక్కడే మళ్ళీ తీయొచ్చు. మేం డార్క్ రూమ్‌లోంచి బయటికొచ్చి "ఊపిరి కదిలింది, ఇంకోటి తీయాలి" అనేసరికి జంతువు మత్తు దిగిపోతూ ఉండేది. అప్పుడు ఇంకో మోతాదు మత్తు ఇవ్వాలి, ఆ ఇంకో మోతాదుతో ఒక్కోసారి ప్రాణం మీదికొచ్చేది. జింకల జాతి అయితే మరీ. మనుషులు పట్టుకున్న భయానికే గుండె, కండరాలు దెబ్బతిని రోజుల తర్వాత కూడా చచ్చిపోతాయి. ఆ లెక్కన ఇప్పటి వేగం ఎన్నో ప్రాణాలు కాపాడుతోంది. ఇప్పటివాళ్ళు సీసం ఆప్రాన్ వేసుకుంటారు, ఛాతీకి బ్యాడ్జి పెట్టుకుంటారు, అది కూడా మా రోజులకన్నా మేలు.

మెషిన్ మెరుగుపడింది కదా, మరి చూపు ఎందుకు మెరుగుపడలేదు? అసలు మందగించింది ఎందుకు? ఇదే నా గొడవ.

మా పక్కింటి అమ్మాయి వెటర్నరీ చదువుతోంది. చురుకైన పిల్ల. మొన్నొకరోజు ఫోన్ పట్టుకొచ్చి, "తాతా, ఇది చూడు. చిరుత ఛాతీ. ఎడమ ఊపిరితిత్తి తెల్లగా ఉంది. న్యుమోనియానా?" అని అడిగింది. బొమ్మ అద్దంలా ఉంది. మా రోజుల్లో అంత శుభ్రమైన ఫిల్ము వస్తే పండగ చేసుకునేవాళ్ళం.

"ఏ పక్క మీద పండవెట్టిన్రు బిడ్డా?"

"ఎడమ పక్క అనుకుంట తాతా."

"మత్తిచ్చినంక ఎంతసేపటికి తీసిన్రు?"

"అది రాయలే."

"గాలి లోపలికా, బయటికా?"

తెల్లమొహం వేసింది. అడవి జంతువు మత్తులో ఒక పక్క మీద పడుకుని ఉంటే, కొన్ని నిమిషాలకే కింది వైపు ఊపిరితిత్తిలో గాలి తగ్గి అది కుంచించుకుపోతుంది. ఫొటోలో తెల్లగా, అచ్చం న్యుమోనియా పట్టినట్టే వస్తుంది. అందుకే మేం మత్తు ఎక్కగానే మిగతా పనులన్నీ ఆపి ముందు ఛాతీ ఫొటో తీసేవాళ్ళం. అప్పటిదాకా జంతువును బోర్లా, రొమ్ము మీద పడుకోబెట్టి ఉంచేవాళ్ళం. ఆ సంగతి తెలియకుండా ఆ చిరుతకు రోజుల తరబడి యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పొడుస్తారు. బోనులో ఒక పక్క గోడ జరిపి నొక్కి పట్టుకుని పొడవడం అంటే ఆ జీవానికి ఎంత నరకమో చూసినవాళ్ళకు తెలుసు. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ ఫొటో తీసినవాళ్ళు నాలుగు మాటలు రాసిపెట్టలేదు. రాయాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. ఇప్పుడు కంప్యూటరే కొలతలు కొలిచిపెడుతోంది. గుండె నిడివిని, వెడల్పును తీసుకుని వెన్నుపూసల మీద పరిచి, ఎన్ని పూసల మేర ఉందో చెప్పే పద్ధతి ఒకటుంది. 1995లో బుకానన్ అనే అమెరికా డాక్టరు, ఆయనతోటి ఇంకొకరు కుక్కల మీద తేల్చిన లెక్క అది. కుక్కకు సగటున తొమ్మిది పూసలు, ఇంకో పూసలో పదింట ఏడు వంతులు; పెంపుడు పిల్లికి ఏడున్నర. మంచి పద్ధతి, ఎవరు కొలిచినా దగ్గరదగ్గరి అంకె వస్తుంది. మరి సింహానికి ఎంత? మన దగ్గర పెరిగిన సింహానికి, పుట్టినప్పటి నుంచి ఎన్‌క్లోజర్‌లో ఉండి ఒళ్ళు చేసిన సింహానికి ఎంత? పిల్లి లెక్కను తెచ్చి సింహం మీద వేస్తే సరిపోతుందా? బోనులో బతికే జంతువుకు గుండె చుట్టూ కొవ్వు పేరుకుంటుంది, ఫొటోలో ఆ కొవ్వు కూడా గుండెలాగే కనిపించి గుండె ఉబ్బిందనిపిస్తుంది. కూనలకు గుండె ముందు థైమస్ గ్రంథి నీడ ఉంటుంది, అది గడ్డ కాదు. ముసలి పెంపుడు పిల్లికి గుండె రొమ్ము ఎముక మీదకు వాలిపోతుంది, అది వయసు లక్షణం, జబ్బు కాదు. ముసలి చిరుతకూ అంతేనా? తేల్చాలంటే బాగున్న చిరుతలవి, రకరకాల వయసులవి, ఫొటోలు ముందు పెట్టుకోవాలి. వేరే దేశాల్లో ఒక్కో జాతినే తీసుకుని, లెమూర్లనో లింక్స్‌లనో, ఆరోగ్యంగా ఉన్నవాటి ఛాతీ ఎక్స్‌రేలు తీసి, పక్కటెముకలు, గాలిగొట్టం, గుండె కొలిచి అచ్చువేస్తున్నారు. మనకు కావలసింది అదే పని, మన జంతువుల మీద.

ఇక ఆ అలమారా. నా గుండె మండేది ఇక్కడ. నేను రిటైరైన తర్వాత డిజిటల్ మెషిన్ వచ్చింది, కంప్యూటర్‌కు గది కావాలన్నారు. పాత ఫిల్ముల మీద వెండి ఉంటుంది, స్క్రాప్ వాళ్ళు దానికోసం కొంటారు. అలమారా ఖాళీ చేసి, కవర్లు చించి పడేసి, ఫిల్ములన్నీ కిలోల లెక్కన తూకం వేసి అమ్మేశారు. కవర్ల మీద రాసిన వయసులు, బరువులు, ఊపిరి లోపలికి-బయటికి, ఎన్నో ఏళ్ళ చేతిరాత, చిత్తుకాగితాల సంచిలోకి పోయింది. కనీసం ఒక్కోదాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నా సరిపోయేది. తెలిసిన రోజు పోయి అడిగాను. "ఇప్పుడు అన్నీ హార్డ్ డిస్క్‌లో ఉంటాయి సార్" అన్నారు. ఎప్పటి నుంచి ఉన్నాయని అడిగితే, కొత్త మెషిన్ వచ్చినప్పటి నుంచి అన్నారు. ఆ తర్వాత ఆ హార్డ్ డిస్కు కూడా ఒకసారి చెడిపోయిందని విన్నాను.

2021 గుర్తుందా? కరోనా రెండో విడత ఊళ్ళను ఊడ్చేస్తున్న రోజులు. మన హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో ఎనిమిది ఆసియా సింహాలకు ఆయాసం, దగ్గు కనిపిస్తే నమూనాలు తీసి సీసీఎంబీ వాళ్ళ వన్యప్రాణుల ల్యాబ్ లాకోన్స్‌కు పంపారు. మే మొదటి వారంలో, వాటికి కరోనా సోకిందని కేంద్రం ప్రకటించింది. అదృష్టం, అవి కోలుకున్నాయి. తర్వాత నెలలో మద్రాసు దగ్గర వండలూరు జూలో ఒక ఆడసింహం అదే జబ్బుతో పోయింది. మన సింహాలు కోలుకున్నాయన్న వార్త చదివి కళ్ళు తుడుచుకున్నవాణ్ణి. కానీ ఆ రోజుల్లో నన్ను తొలిచిన ఆలోచన ఒకటే. మనుషులకు ఛాతీ స్కాన్ తీసి ఊపిరితిత్తుల్లో ఇంత పాడైంది, అంత పాడైంది అని లెక్క చెప్పారు. అలా చెప్పగలిగారంటే బాగున్న మనిషి ఊపిరితిత్తి ఎలా ఉంటుందో లక్షల ఫొటోల్లో చూసి ఉన్నారు కాబట్టి. సింహానికి ఆ లెక్క చెప్పాలంటే దేనితో పోల్చాలి? జబ్బు పడక ముందు తీసిన దాని సొంత ఫొటో పక్కన ఉంటే ఒక్క చూపులో తేలిపోతుంది.

మన నెహ్రూ జూను 1963 అక్టోబరులో తెరిచారు. అంతకుముందు బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న జంతువులను మీర్ ఆలం చెరువు పక్కకు తీసుకొచ్చారు. 380 ఎకరాలు. అరవై ఏళ్ళకు పైగా ఎన్ని తరాల పులులు, సింహాలు, ఎలుగులు అక్కడ పుట్టి పెరిగి పోయాయో! రాణి అనే ఏనుగు 83 ఏళ్ళు బతికి 2021 జూన్‌లో పోయింది. మూషిక జింకలను అక్కడ పెంచి నల్లమల అడవుల్లో వదులుతున్నారు, అది గర్వించాల్సిన పని. ఇన్నేళ్ళు, ఇన్ని జంతువులు ఉన్న చోట ఒక్కో జాతికి బాగున్నప్పటి ఛాతీ ఎలా ఉంటుందో చెప్పే బొమ్మల పుస్తకం ఒకటి ఈపాటికి తయారై ఉండాలి. 1992లో కేంద్ర జూ అథారిటీ వచ్చాక ప్రతి జంతువుకూ ఆరోగ్య రికార్డు ఉండాలన్నారు, ఉంటున్నాయి కూడా. ఆ రికార్డులో ఒక ఛాతీ ఫొటోకు చోటు లేకుండా పోతుందా?

ఊరికే ఫొటో కోసం పులికి మత్తివ్వమని నేను అనడం లేదు. మత్తు ఎప్పుడూ ప్రమాదమే, ఊరికే ఇవ్వడం పాపం. కానీ ఏదో ఒక పని మీద ప్రతి పెద్ద జంతువూ ఎప్పుడో ఒకప్పుడు మత్తులోకి పోతుంది. ఇంకో జూకు పంపేటప్పుడు, గోరు మాంసంలోకి దిగినప్పుడు, పన్ను విరిగినప్పుడు, ఊళ్ళోకొచ్చిన చిరుతను పట్టి అడవిలో వదిలేముందు. ఆ పది నిమిషాల్లో, మత్తు ఎక్కిన వెంటనే, ముందు బోర్లా ఒకటి, తర్వాత పక్క మీద ఒకటి. మెషిన్ సిద్ధంగా ఉంటే నిమిషం పని. కోతులకైతే ఎలాగూ కనురెప్పలో క్షయ పరీక్ష మందు ఎక్కించడానికి మత్తిస్తారు, ఆ పూటే ఛాతీ కూడా అయిపోతుంది. మనుషుల నుంచే కోతులకు క్షయ పాకుతుంది కాబట్టి ఆ ఫొటో వాటిని చూసుకునే మనిషికి కూడా రక్షణ.

జూ ఒక చోట, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఒక చోట, అత్తాపూర్‌లో లాకోన్స్ ఒక చోట. ఒకదాని నుంచి ఇంకోదానికి అరగంట దారి. మూడు చోట్లా ఒకే ఫొటో కాపీ ఉంచితే ఒక హార్డ్ డిస్కు చెడినా, ఒక గది ఖాళీ చేసినా ఆ జంతువు పోదు. మొన్న ఆ పక్కింటి పిల్లకు ఒక నోటుపుస్తకం కొనిచ్చాను. మొదటి పేజీలో గీతలు నేనే కొట్టాను: జాతి, వయసు, ఆడా మగా, బరువు, మందు, మత్తిచ్చిన టైము, ఫొటో తీసిన టైము, ఏ పక్క, ఊపిరి. రెండో పేజీ నుంచి దానిదే రాత. ఇప్పటికి ఒక కొండముచ్చు, ఒక పునుగుపిల్లి ఎక్కాయి. పునుగుపిల్లి దగ్గర 'ఊపిరి' గడిలో 'లోపలికి, నిండుగా' అని రాసింది.